ఈ జంటకు ఏ ఇల్లు తగును?

ఉగాదికి నాలుగు రోజుల ముందు మా ఇంటికి బెంగుళూరు నుంచి ఇద్దరు అతిథులు దయచేశారు. రైలులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకొని తీసుకువచ్చింది మా పెద్దమ్మాయి. అతిథులు ఒక్కొక్కరు నా బొటనవేలి కంటె కాస్త పెద్దగా ఉన్నారు. బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద నల్లని చార, మిరియపు గింజల వంటి కళ్ళు. వారి వెంట వారి మేడ కూడా వచ్చింది. మామూలు మేడ కాదు, మూడంతస్తులది! గులాబి రంగు మెట్లు, పసుపుపచ్చ గొట్టాలు, అరచేతి వెడల్పున ఒక చక్రం, అన్నిటికీ పైన ఒక చిన్న డాబా. మా ఊళ్ళో పాతికేళ్ళు ఉద్యోగం చేసిన నేను ఇంకా రెండో అంతస్తు వేయలేకపోయాను.

మా అమ్మ కళ్ళజోడు సవరించుకొని చూసి, "ఏందిరా ఇది? మొన్ననే ఎలకల్ని పట్టేదానికి బోను తెస్తివి. ఇప్పుడు బోనుతో పాటు ఎలకల్ని కూడా కొనుక్కొస్తిరా?" అన్నది.

"ఇవి ఎలుకలు కావవ్వా, హామ్‌స్టర్లు. మరుగుజ్జు హామ్‌స్టర్లు!" అన్నాడు మా చిన్నవాడు.

"పేరు ఏదైతే ఏమిరా, పండ్లు ఎలకవే కదా!" అని అవ్వ తేల్చివేసింది. అయినా పండుగనాడు ఎవరూ చూడకుండా రెండు ఓళిగ ముక్కలు మేడలో వేసింది కూడా ఆవిడే. ఆ ఓళిగ సంగతి తరువాత చెబుతాను.

ఈ కాలపు పిల్లలకు ఇంట్లో ఏదో ఒక ప్రాణి ఉండవలె. మా చిన్నప్పుడు ప్రతి వీధిలోనూ ఒక రామచిలుక పంజరం వేలాడేది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల మన అడవి చిలుకను పంజరంలో పెట్టడం నేరమైనది. మంచిదే అయింది. కుక్కను పెంచుదామంటే అద్దె ఇళ్ళవారు ఒప్పుకోరు. అందుచేత పట్నాల దుకాణాలలో ఈ పరదేశపు చిట్టి ప్రాణులు ప్రవేశించాయి. అరచేతిలో ఇమిడిపోతాయి, మొరగవు, తిండి ఖర్చు అణాలలో తేలిపోతుంది. ఇక చిక్కేమిటి అనుకుంటాము. చిక్కు అంతా వాటి ఇంటి దగ్గరే ఉన్నదని మాకు మూడు వారాలకు గాని తెలియలేదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒకనాడు మధ్యాహ్నం మూడు గంటల వేళ మా చిన్నవాడు మేడమీది గదిలోకి వెళ్ళి కేక వేశాడు. కిటికీ పక్కన బల్ల మీద ఉన్నది ఆ మూడంతస్తుల భవనం. రెండింటిలో చిన్నది అడుగు అంతస్తులో పొట్ట నేలకు ఆన్చి నాలుగు కాళ్ళూ చాపి పడివున్నది. కళ్ళు సగం మూతలు. గడ్డం కింద తడి. పెద్దది గొట్టంలో దూరి ఎగరోజుతున్నది. మా ఆవిడ మాట్లాడకుండా చిన్నదాన్ని కొంగులో వేసుకొని కిందికి దిగి, వంటింట్లో నీళ్ళ కడవ పెట్టుకునే నల్ల బండ మీద పడుకోబెట్టింది. చల్లని నీటితో తడిపిన గుడ్డతో చెవులు, పాదాలు అద్దింది. మా చిన్నవాడు ఫ్రిజ్‌లో పెడదామన్నాడు గాని పెట్టనివ్వలేదు. అది ఎంత మంచిపని చేసిందో తరువాత తెలిసింది. అంత వేడిలోంచి ఒక్కసారిగా మంచు చలిలోకి తీసుకుపోతే అంత చిన్న గుండె ఆగిపోవచ్చునట.

అరగంటకు మీసాలు కదిలాయి. పశువుల డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోతే ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న "ఏమి పెట్టారు?" అని కాదు, "ఎక్కడ పెట్టారు?" అని. చెప్పాము. ఆయన తల పంకించి, "ఇంకొక పావుగంట అయివుంటే దక్కేది కాదు" అన్నాడు.

ఆ సాయంత్రమే అతిథులు మేడ దిగారు.

పుట్టింటి సంగతి

ఈ మరుగుజ్జు జాతులలో మన దేశానికి ఎక్కువగా వచ్చేవి మూడు. మా ఇంటికి వచ్చినది క్యాంబెల్ హామ్‌స్టర్ అనే రకం. మంగోలియాలో దొరికిన నమూనాను చూసి 1905లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ అనే ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించి, పట్టి తెచ్చిన క్యాంబెల్ పేరు పెట్టాడు. రెండవది సైబీరియా, కజకిస్థాన్ మైదానాలది, చలికాలంలో తెల్లబడుతుంది. మూడవది అన్నిటికంటె చిన్నది, రోబొరొవ్‌స్కీ అనే రష్యను యాత్రికుడి పేరిట పిలవబడుతున్నది. గోబీ ఎడారి ప్రాంతపు ఇసుక నేలలు దాని నివాసం. ఇది పాతిక గ్రాములు తూగితే గొప్ప. మిగిలిన రెండూ ముప్పై నుంచి యాభై గ్రాములు. ఆయుర్దాయం ఇంచుమించు రెండేళ్ళు.

ఇక్కడ నాకు ఒక సందేహం కలిగింది. వాటి పుట్టిల్లూ ఎండు భూమే, మాదీ ఎండు భూమే. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపుకుంటాయి. ఈశాన్యపు వాన బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతుంది. అందువల్ల అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కు. ఎడారి ప్రాణికి ఇంతకంటె తగిన ఊరు ఎక్కడ ఉంటుంది?

ఎండు వేరు, వేడి వేరు. ఇదే నా సందేహానికి జవాబు. ఆ మైదానాలలో చలికాలం మనుషులను గడ్డకట్టించేటంత చలి. వేసవిలో కూడా రాత్రులు చల్లబడతాయి. పైగా ఈ ప్రాణులు పగలల్లా భూమిలో ఉంటాయి. సంజ వేళకు గాని తల బయటపెట్టవు. ఎడారిలో ఉంటాయే గాని ఎడారి ఎండను అవి ఎరగవు. వీటికి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. కుక్కలాగా నాలుక చాపి ఒగర్చడమూ చేతకాదు. గదిలో వేడి 18 నుంచి 24 డిగ్రీల దాకా ఉంటే హాయి. ముప్పై దాటితే కష్టం మొదలు. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్ళో నలభై దాటడం ఎవరికీ వార్త కాదు.

మరి మన ఎర్ర నేలలో పుట్టిన ప్రాణులు ఏమి చేస్తున్నవి? అవీ అదే చేస్తున్నవి. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించి మద్రాసుకు తరలించిన వాల్టర్ ఎలియట్ దొరను పాఠకులు ఎరుగుదురు. ఆయనకు రాళ్ళ మీదనే కాదు, ఎలుకల మీద కూడా మక్కువే. మనకు పడమరనున్న ధార్వాడ ప్రాంతపు జంతువులను గురించి 1839లో మద్రాసు పత్రికలో ఒక పట్టిక ప్రకటించాడు. అందులో గరుసు ఎర్రనేలలో గట్టు పక్కన కాపురముండే ఒక ముళ్ళ చిట్టెలుక ముచ్చట ఉన్నది. అది లోపల ఉన్నప్పుడు వాకిలిని చిన్న చిన్న గులకరాళ్ళతో మూసుకుంటుందట. లోపల గదిలో గులకరాళ్ళే పరుపు! మన దేశపు చిట్టెలుక రాళ్ళమీద కూర్చొని చల్లగా ఉంటే, పరదేశపు చిట్టెలుకకు మనము ప్లాస్టిక్ మేడ కట్టించాము.

అసలు ఈ ప్రాణికి ఇల్లు అంటే మేడ కాదు, పాతర. రాయలసీమ వారికి పాతర అంటే వివరించనక్కరలేదు. జొన్నలు నేలలో గొయ్యి తవ్వి, లోపల పోసి, నోరు మూసి, కరువు వచ్చిన ఏడు తీసుకొని తినేవారు మన పెద్దలు. హామ్‌స్టరు చేసేదీ అదే పని. రెండు బుగ్గలలోనూ సంచులు ఉంటాయి. దొరికిన గింజ దొరికినట్లు అందులో కుక్కుకొని పోయి నేలలో దాస్తుంది. జర్మను భాషలో 'దాచిపెట్టుకొను' అనే క్రియాపదమే దీని పేరు నుంచి పుట్టినది. ఈ సంగతి చెప్పిన తరువాత గాని మా అవ్వకు వాటి మీద గౌరవం కలగలేదు.

పెట్టె కొలతలు

దుకాణాలలో అమ్మే ఇళ్ళు మన కళ్ళకు ఇంపుగా ఉండడానికి తయారైనవి. లోపల ఉండేవాడిని అడిగి చేసినవి కావు. అంతస్తులు పెంచితే స్థలం పెరిగినట్లు మనకు తోస్తుంది. ఈ చిట్టి ప్రాణికి ఎత్తు సరిగా అంచనా కట్టడం రాదు. పై అంతస్తు నుంచి నిశ్చింతగా కాలు బయటపెట్టి పడుతుంది. వంకర గొట్టాలలో గాలి ఆడదు. మూత్రపు వాసన నిలిచిపోతుంది. దానికి కావలసినది రెండే: పరుగెత్తడానికి నేల, తవ్వడానికి లోతు.

జర్మనీలో జంతు సంక్షేమం కోసం పనిచేసే పశువైద్యుల సంఘంవారు హామ్‌స్టరుకు కనీసం మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు ఉండవలెనని సలహా ఇస్తున్నారు. మన లెక్కలో మూడడుగుల నాలుగంగుళాలు, అడుగు ఎనిమిదంగుళాలు. మరుగుజ్జు గదా, ఇంకా చిన్నది చాలదా అని నేనూ అడిగాను. ఆ మరుగుజ్జు రాత్రంతా పుట్టింట్లో మైళ్ళ లెక్కన తిరిగే రకం. ఒళ్ళు చిన్నదని కాళ్ళకు పని తక్కువ కాదు.

లోతు సంగతి మరీ ముఖ్యం. స్విట్జర్లండులో బెర్న్ విశ్వవిద్యాలయంవారు బంగారు హామ్‌స్టర్లను (ఇవి మనవాటికంటె పెద్ద జాతి) మూడు రకాల పెట్టెలలో ఉంచి చూశారు. ఒకదానిలో పది సెంటీమీటర్లు, ఒకదానిలో నలభై, ఒకదానిలో ఎనభై సెంటీమీటర్ల లోతు పొట్టు పోశారు. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పది సెంటీమీటర్ల దానిలోనివి కడ్డీలు కొరకడం హెచ్చు. ఎనభై దానిలో కడ్డీ కొరికినది ఒక్కటీ లేదు. మా ఇంటి అతిథులు రాత్రిళ్ళు కటకటమని కడ్డీలు కొరుకుతుంటే, పండ్లు అరగదీసుకుంటున్నాయి కాబోలుననుకొని మేము మురిసిపోయాము! నిజానికి అవి దారి వెతుక్కుంటున్నాయి.

మా వీధి చివరి వడ్రంగిని పిలిచి, పాత తలుపు చెక్కలతో పెట్టె చేయించాము. కొలతలు విని అతను "ఎవురికి సామీ, కుక్కకా?" అన్నాడు. విషయం చెప్పాక కొంతసేపు సుత్తి పట్టుకోలేకపోయాడు. ముందువైపు అద్దం, పైన పావు అంగుళం కంటె పెద్ద సందు లేని ఇనుప జాలి. కడ్డీల బోను కొనదలచినవారు కూడా ఈ సందును కొలిచి చూసుకోవలె. తల దూరిన చోటల్లా ఒళ్ళు దూరుతుంది వీటికి. అద్దాల చేపల తొట్టి ఉన్నవారికి అదీ పనికివస్తుంది గాని, పైన అద్దపు మూత మాత్రం వేయరాదు. పాతర మూత తీసిన వెంటనే లోపలికి దిగరాదని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గాలి ఆడని గొయ్యి గొయ్యే. ఎండ తగిలే చోట అద్దపు తొట్టి పెడితే ఇక పొయ్యి అక్కరలేదు.

లోపల పోయడానికి వడ్రంగి దగ్గర ఊరికే దొరికే రంపపు పొట్టు తెచ్చాను. రెండోనాటికే రెండూ తుమ్మసాగాయి. మెత్తని పొడి వాటి ఊపిరికి పడదు. దేవదారు వంటి ఘాటైన వాసన గల చెక్క పొట్టు అసలే కూడదు. చిత్రిక పట్టినప్పుడు రాలే వెడల్పాటి చుట్టలు, అచ్చు సిరా లేని కాగితపు పేలికలు, ఎండిన గడ్డి కలిపి ఒక మూరెడు లోతు నింపాము. గడ్డి పొరలు పొరలుగా వేస్తే సొరంగం కూలిపోకుండా నిలుస్తుంది. అనంతపురంలో వేరుశనగ తొక్కకు కరువు లేదు కాబట్టి అది పోద్దామన్నారు కొందరు. తొక్కకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది. వేరుశనగ బూజులోని విషం సంగతి మా జిల్లా రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ ఆలోచన మానుకున్నాము.

ఒక మూల వెడల్పాటి మట్టి మూకుడులో ఇసుక పెట్టవలె. నీటి స్నానం వీటికి ప్రాణాంతకం. ఇసుకలో దొర్లడమే అభ్యంగనం. మాకు పెన్న ఇసుక దొరికింది. జల్లించి, కడిగి, బాణలిలో వేయించి, చల్లార్చి పోశాము. అవ్వ వేయించి పెట్టింది; "కొడుకు పెండ్లికి కూడా ఇంత చేయలేదు" అని సణుగుతూనే.

చక్రం కూడా మార్చవలసి వచ్చింది. మేడతో పాటు వచ్చిన చక్రంలో పరుగెత్తుతుంటే వీపు విల్లులా వంగిపోతున్నది. ఎనిమిదంగుళాల వెడల్పు ఉండి, కాలు ఇరుక్కునే ఊచలు లేకుండా పలకగా ఉన్నది మంచిది. దాన్ని పొట్టు మీద పెడితే కూరుకుపోయి ఆగిపోతుంది. కింద ఒక బల్లచెక్క ఆనించవలె. నీళ్ళ సీసా విషయంలో మా ఊరివారికి ఒక మాట. మన బోరు నీటి ఉప్పు పేరుకొని సీసా మూతిలోని గోళీ బిగుసుకుపోతుంది. సీసా నిండుగా కనిపిస్తుంది, ప్రాణి దప్పికతో ఉంటుంది. రోజుకు రెండుమార్లు వేలితో తట్టి చూడవలె. పక్కన ఒక లోతులేని మట్టి ప్రమిదలో కూడా నీళ్ళుంచడం మేలు.

ఇంట్లో ఏ మూల?

పెట్టె ఎంత బాగా చేయించినా అది పెట్టిన చోటు కంటె చల్లగా ఉండదు. ఈ చిన్న సంగతి నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. భూమిలో మూరెడు లోతుకు పోతే పగటి వేడి, రాత్రి చలి తెలియవు. కింద అంతులేని నేల ఉన్నది కాబట్టి. పెట్టెలో మూరెడు పొట్టు పోసినంత మాత్రాన అది భూమి అవుతుందా? మధ్యాహ్నపు వేడిని కొంతసేపు ఆపుతుంది, అంతే. గది అంతా నాలుగు రోజులు 38 డిగ్రీలు ఉంటే పొట్టు అడుగున కూడా అంతే అవుతుంది.

అందుచేత ఒక ఉష్ణమాపకం కొని, మధ్యాహ్నం మూడు గంటలకు ఇల్లంతా తిరిగాను. మేడమీది సిమెంటు మిద్దె గదిలో 39. ముందు వసారాలో 37. మధ్య గదిలో, ఉత్తరపు గోడవైపు, నేలమీద 32. ఒకే ఇల్లు, ఒకే వేళ! కింద పరచినవి తాడిపత్రి బండలు. గోడలు పాతకాలపు రాతిగోడలు. కొత్త ఇళ్ళలో ఉండేవారు కింది అంతస్తులో, ఎండ ఎన్నడూ పడని గోడ పక్కన, నేలకు దగ్గరగా ఉన్న చోటు వెతుక్కోవలె. వంటింటి పొగ, టీవీ మోత, అగరువత్తుల ఘాటు దగ్గర పనికిరావు.

ఆ మిగిలిన ఎనిమిది డిగ్రీలు తగ్గించడం ఎలా? ఇక్కడ మా కరువు సీమ ఒక్క మేలు చేసింది. కోస్తావారి ఉక్కపోతలో నీటి కూలరు పెద్దగా పనిచేయదు. మా పొడిగాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మా గదిలో కూలరు వేయగానే 27కు దిగింది. అయితే ఆ గాలి పెట్టె మీదికి సూటిగా కొట్టరాదు, పొట్టు చెమ్మగిల్లరాదు. కరెంటు పోయిన రోజుకు వేరే ఏర్పాటు ఉండవలె. కొత్త మట్టికుండలో నీళ్ళు పోసి, పైన తడిగుడ్డ చుట్టి, పెట్టెకు ఆనుకొని బయట పెట్టాము. లోపల ఒక చిన్న తాడిపత్రి బండ ముక్క ఉంచాము. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి ఒక కొసన ఉంచితే, కావలసినవాడు దగ్గరకు వస్తాడు, అక్కరలేనివాడు దూరంగా పోతాడు. మా వాళ్ళకు మాత్రం బండ ముక్కే ప్రీతి. మధ్యాహ్నం వేళ అద్దంలోంచి చూస్తే దాని మీద ఇద్దరూ రెండు గోధుమపిండి ఉండల్లాగా ఒదిగి ఉండేవారు.

చీమల బాధకు పెట్టెకు నాలుగంగుళాల కాళ్ళు కొట్టించి, ఒక్కొక్క కాలి కింద నీళ్ళ గిన్నె పెట్టాము. పిల్లి బాధకు జాలి మీద గొళ్ళెం. గింజల వాసనకు మామూలు ఎలుకలు, ఎలుకల వెంట పాములు వచ్చే పల్లెటూళ్ళలో రాత్రి ఆ గది తలుపు కింద సందు మూసుకోవడం మంచిది.

తిండికి పరదేశపు డబ్బాలే అక్కరలేదు. కొర్రలు, సజ్జలు, కాసిని ఎండు పప్పులు, కొత్తిమీర రెబ్బ, కీర దోసకాయ ముక్క. కొర్ర కంకి నిలువుగా గుచ్చితే పండుగే. వేరుశనగ వారానికి ఒక గింజ చాలు, కొవ్వు ఎక్కువ. ఇక ఓళిగ సంగతి: క్యాంబెల్ జాతికి మధుమేహం తేలికగా వస్తుంది. బెల్లం, అరటిపండు, ద్రాక్ష, ఏవీ కూడవు. "నాకూ లేదు, వాటికీ లేదు" అని అవ్వ మాత్రల డబ్బా మూతపెట్టింది.

ఇద్దరా, ఇద్దరికీ వేరువేరా?

దుకాణం వాళ్ళు ఎప్పుడూ జతగానే అమ్ముతారు. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుందని చెబుతారు. ఇది సగం నిజం. బంగారు హామ్‌స్టరుకు సాటి హామ్‌స్టరు అంటే శత్రువు. రెండింటిని కలిపి ఉంచనే రాదు. మరుగుజ్జు రకాలలో ఒకే కాన్పులో పుట్టి కలిసి పెరిగిన అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు కొందరు కడదాకా కలిసి ఉంటారు. కొందరు ఉండరు. ముందుగా చెప్పగల జ్యోతిష్కుడు లేడు.

ఆడ, మగ జత అయితే మరొక చిక్కు. ఇరవై రోజులు తిరగకముందే పిల్లలు. ఆ వెంటనే మళ్ళీ చూలు. క్యాంబెల్ మగవాడు మాత్రం మెచ్చుకోదగినవాడు. కాన్పు సమయంలో ఆడదాని పక్కన ఉండి పిల్లను బయటికి లాగి, నాకి శుభ్రం చేస్తాడని కెనడా శాస్త్రజ్ఞులు 2000లో ప్రకటించారు. మంత్రసాని పని చేసే మగవాడు! కాని ఆ సంతానాన్నంతా ఎవరికి పంచిపెడతారు? మా డాక్టరుగారు మా వాటిని వెల్లకిలా తిప్పి చూసి ఇద్దరూ మగవాళ్ళేనని చెప్పినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. అన్నదమ్ములు.

ఇద్దరినీ ఒకే పెట్టెలో ఉంచదలిస్తే లోపల ప్రతిదీ రెండు ఉండవలె. రెండు గూళ్ళు, రెండు చక్రాలు, రెండు గింజల మూకుళ్ళు, రెండు నీటి సీసాలు, అదీ దూరదూరంగా. ప్రతి గూటికి రెండు వాకిళ్ళు ఉండవలె. ఒక్కటే ఉంటే బలవంతుడు అడ్డంగా కూర్చొని రెండోవాణ్ణి లోపల బంధిస్తాడు. మేము కొబ్బరి చిప్పలకు రెండు వైపులా తొలిపించి గూళ్ళు చేశాము. ఇదంతా చేసి, రెండు నెలలు మురిసిపోయాము.

మొదట పసిగట్టింది అవ్వ. ఆవిడకు రాత్రిళ్ళు నిద్ర తక్కువ. "వాళ్ళకు పొత్తు చెడిందిరా. చిన్నోడు బయట పండుకుంటా ఉండాడు. పెద్దోడు లోపలికి రానియ్యడు" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. కిచకిచమని అరుపులు, కాసేపు దొర్లాటలు మామూలేనని పుస్తకాలలో చదివి ఉన్నాను. చదివినవాడి బుద్ధి! నాలుగోనాడు తెల్లవారి చూస్తే చిన్నవాడి నడుము దగ్గర బొచ్చు ఊడి, నెత్తురు చార. తూచి చూస్తే నెలనాటి కంటె ఆరు గ్రాములు తగ్గి ఉన్నాడు. ఎండ దెబ్బ తిని బతికినవాడు, అన్న దెబ్బకు పోయేటట్లున్నాడు.

"భాగాలు పంచేయండి" అన్నది అవ్వ.

ఒక్క పెట్టెకు మధ్యలో పలక వేస్తే సరిపోతుంది గదా అని నా ఉద్దేశం. ఖర్చు కలిసివస్తుంది. మా పెద్దమ్మాయి టేపు తెచ్చి కొలిచి చూపింది: ఒక్కొక్కరికి వచ్చేది ఇరవై అంగుళాలు. పైగా పలక అవతల ప్రత్యర్థి వాసన రాత్రంతా. "ఇట్లా చేస్తే ఇద్దరికీ పాత మేడే నయం నాయనా" అన్నది. నాకు మాట పెగలలేదు. మళ్ళీ వడ్రంగిని పిలిపించాను. ఈసారి అతను నవ్వలేదు, "తమ్ముడు వేరు పడినాడా?" అని మాత్రం అడిగాడు.

ఒకసారి నెత్తురు చూసిన తరువాత మళ్ళీ కలపడానికి ప్రయత్నించరాదు. పిల్లలు జాలిపడి వారానికొకసారి 'చూపులు' ఏర్పాటు చేస్తామంటారు. వద్దనవలె. విడిపోయిన మరునాటి నుంచే మా చిన్నవాడు తిండి తినసాగాడు. మూడు వారాలకు బొచ్చు మొలిచింది, బరువు తిరిగి వచ్చింది. ఒంటరితనానికి వాడు బెంగపడ్డ జాడ ఎక్కడా లేదు. జత కొనాలనుకునేవారు కొనేరోజుననే రెండో పెట్టెకు డబ్బు, ఇంట్లో దానికి చోటు ఉన్నవో లేవో చూసుకోవడం మంచిది. లేకపోతే ఒక్కదాన్నే తెచ్చుకోవచ్చు. అది దానికి అన్యాయం కాదు. కొనేటప్పుడు దుకాణం రిజిస్టరు అయినదో కాదో కూడా అడగండి. 2018 నుంచి పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావలెనని నిబంధన ఉన్నది.

ఇప్పుడు మా మధ్య గదిలో ఉత్తరపు గోడ వారగా రెండు పెట్టెలు, వాటి మధ్య ఒక మట్టికుండ ఉన్నవి. పెద్దవాడు అద్దానికి ఆనుకొని సొరంగం తవ్వుకున్నాడు కాబట్టి వాడి పాతర మాకు కనబడుతుంది: కొర్రలు ఒక గదిలో, సజ్జలు ఒక గదిలో. చిన్నవాడు ఎక్కడ దాస్తున్నాడో ఇంతవరకు అంతుచిక్కలేదు.

మూడంతస్తుల మేడ వృథా కాలేదు. గొట్టాలు, మెట్లు ఊడదీసి అవ్వ దాన్ని డాబా మీదికి తీసుకుపోయింది. దాని కింద వడియాలు ఆరబెడుతున్నది. కడ్డీల సందున కాకి ముక్కు దూరడం లేదట.